నది ఎక్కడిదాకా నది? అబెనాకి సాక్ష్యాలు, వలస కాలపు భూమి తగాదాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అబెనాకిలు ఎవరు?

ఉత్తర అమెరికా ఈశాన్య మూలన, ఇప్పటి మెయిన్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రాల్లోనూ కెనడాలోని క్యూబెక్ దక్షిణ భాగంలోనూ తరతరాలుగా ఉంటున్న ఆదివాసీ జాతి. పెనాబ్‌స్కాట్, పాసమక్వాడి, మాలిసీట్, మిక్మాక్ జాతులతో కలిపి వీళ్లందరినీ వబనాకి అంటారు. పెనాబ్‌స్కాట్ వాళ్లు తరతరాలుగా మాట్లాడుతూ వచ్చిన భాష కూడా తూర్పు అబెనాకియే. ఊళ్లు నది గట్ల మీద, మొక్కజొన్న చేలు ఒండ్రు నేలల్లో, ప్రయాణం బిర్చ్ బెరడు పడవల్లో. ఒక నదిలోంచి ఇంకో నదిలోకి వెళ్లాలంటే పడవని భుజాన వేసుకుని మధ్యలో ఉన్న నేల దాటేవాళ్లు. తమ దేశాన్ని వాళ్లు ఎక్కువగా చూసింది పడవలో కూర్చునే. కింద వచ్చే తగాదాలన్నిటికీ ఈ సంగతితో సంబంధం ఉంది.

నది పేరు ఏమిటో తేల్చడానికి సాక్షులు ఎందుకు కావాల్సి వచ్చింది?

17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు రాసుకున్న పట్టాల్లో, దస్తావేజుల్లో హద్దులన్నీ నదులూ జలపాతాలే. రాసినవాళ్లలో చాలామంది ఆ నదిని చూడను కూడా చూడలేదు. విన్న పేరు విన్నట్టు కాగితం మీద పెట్టారు.

ఇప్పటి మసాచుసెట్స్‌లో ఉన్న ప్లిమత్ అనే ఇంగ్లీషు వలసకు 1630 ప్రాంతంలో దొరికిన పట్టా ఇందుకు మంచి ఉదాహరణ. కెన్నెబెక్ నదికి అటు 15 మైళ్లు, ఇటు 15 మైళ్లు భూమి ఇస్తున్నామని అందులో ఉంది. బీవర్ తోళ్ల వ్యాపారం సన్నగిల్లాక 1661లో ఆ వలసవాళ్లు ఈ హక్కుని బోస్టన్‌కి చెందిన నలుగురు వర్తకులకు 400 పౌండ్లకు అమ్మేశారు. ఆ తర్వాత యుద్ధాల మీద యుద్ధాలు. అక్కడ కాపురం పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. కాగితం దాదాపు 90 ఏళ్లు పెట్టెలో పడుంది. 1749లో వారసులూ వాటాదారులూ మళ్లీ కూడి కంపెనీగా ఏర్పడి కాగితం బయటికి తీశారు. వీళ్లనే కెన్నెబెక్ ప్రొప్రయిటర్లు అంటారు. కాగితం బయటికి రాగానే మొదటి చిక్కు వచ్చిపడింది: కెన్నెబెక్ అనే నది ఎక్కడ ఆగుతుంది?

అదేం ప్రశ్న? నది సముద్రంలో కలిసేచోట ఆగుతుంది కదా?

ఇప్పటి మ్యాప్‌లో అంతే. కానీ ఆ రోజుల్లో అలా అనుకోవడానికి వీల్లేదు. ఉత్తరం నుంచి వచ్చే కెన్నెబెక్, పడమటి నుంచి వచ్చే ఆండ్రోస్కోగిన్ రెండూ మెర్రీమీటింగ్ బే అనే లోతట్టు జలాశయంలో కలుస్తాయి. అక్కడి నుంచి ఒకే పాయగా సముద్రానికి పోతాయి. ఆ కింది పాయకి పాత కాగితాల్లో ఎక్కువగా కనిపించే పేరు సాగడహాక్.

కింది పాయ కూడా కెన్నెబెక్కే అయితే ప్లిమత్ పట్టా సముద్రం దాకా పారుతుంది. అది సాగడహాక్ అయితే పట్టా బే దగ్గరే ఆగిపోతుంది. కింద ఉన్న భూములు వేరే దస్తావేజులున్న పోటీదారులకు, అంటే పెజెప్‌స్కాట్ ప్రొప్రయిటర్లకో, క్లార్క్ అండ్ లేక్ వారసులకో దక్కుతాయి. ఓడలు రాగల రేవులూ, కలపా, చేపలూ అన్నీ ఆ కింది భాగంలోనే ఉన్నాయి కాబట్టి ఎవరూ తగ్గలేదు. 1750లలో ఇరుపక్షాలూ కరపత్రాలు అచ్చు వేయించాయి, మ్యాప్‌లు చెక్కించాయి, వాంగ్మూలాలు పోగుచేశాయి. బోస్టన్‌లో థామస్ జాన్‌స్టన్ అనే చెక్కుడు పనివాడు 1750ల మధ్యలో తీసిన మ్యాప్ శీర్షికలోనే కెన్నెబెక్, సాగడహాక్ రెండూ వేరు నదులుగా ఉన్నాయి. చివరికి కంపెనీలు తమలో తాము రాజీపడి గీతలు గీసుకున్నాయి.

అసలు అబెనాకిలు ఈ భూములు అమ్మారా?

అమ్మినట్టు కాగితాలున్నాయి. 1648లో నటహనాడా అనే కెన్నెబెక్ పెద్ద కుష్నాక్ నుంచి వెసెరున్‌సిక్ దాకా నది పొడవునా ఉన్న భూమిని ప్లిమత్ తరఫున విలియం బ్రాడ్‌ఫర్డ్‌కి రాసిచ్చాడు. కుష్నాక్ అంటే ఇప్పటి ఆగస్టా నగరం ఉన్న చోటు. ప్రతిఫలం రెండు పీపాల తిండి సామాను (ఒకటి రొట్టె, ఒకటి బఠాణీ), తొడుక్కునే గుడ్డ కోట్లు రెండు, కొంత వైన్, సారా. 1684 జూలై 7న వరుంబీ, మరో ఐదుగురు పెద్దలు కలిసి బోస్టన్ వర్తకుడు రిచర్డ్ వార్టన్‌కి ఆండ్రోస్కోగిన్ కింది భాగం రాసిచ్చారు. వార్టన్ పోయాక 1714లో ఎనిమిది మంది కలిసి అతని హక్కు కొన్నారు. పెజెప్‌స్కాట్ కంపెనీ అలా పుట్టింది.

అయితే కాగితం ఉన్నంత మాత్రాన ఇద్దరూ ఒకే బేరం చేశారని అనుకోవడం కష్టం. వరుంబీ దస్తావేజులోనే ఒక షరతు ఉంది. అమ్మినవాళ్లూ వాళ్ల మనుషులూ తమ పాత చేలల్లో పంట వేసుకోవచ్చు, కంచె వేయని చోట వేటాడుకోవచ్చు, తిండికి చేపలు పట్టుకోవచ్చు. ఆ షరతు చదివితే, అమ్మినవాళ్ల దృష్టిలో అది తమతో కలిసి ఉండనివ్వడం లాంటిదే అనిపిస్తుంది. కొన్నవాళ్ల వారసులు మాత్రం ఆ షరతుని పక్కనబెట్టి హద్దుల వాక్యాన్ని పట్టుకున్నారు.

పెరెపోల్ ఎవరు? ఆయన సాక్ష్యం గురించే అంత చర్చ ఎందుకు?

పెరెపోల్ ఒక అబెనాకి సాక్షి. నదుల పేర్ల మీద మిగిలిన అబెనాకి వాంగ్మూలాల్లో ఇంత వివరంగా, ఇంత స్పష్టంగా ఉన్నవి తక్కువ. అందుకే. 1790లలో పెజెప్‌స్కాట్ తగాదాలో తీసుకున్న వాంగ్మూలం ఇది. అప్పటికి అమెరికా స్వతంత్ర దేశమైంది. కానీ మెయిన్ ఇంకా మసాచుసెట్స్‌లో భాగమే (1820లో గానీ విడిపోలేదు), తగాదాకి మూలం మాత్రం వలస కాలపు 1684 దస్తావేజు.

ఆయన చెప్పింది సుమారుగా ఇది. మెర్రీమీటింగ్ బే పేరు క్వాబకుక్. అక్కడి నుంచి అమిట్‌గాన్‌పొంటుక్ దాకా, అంటే ఇంగ్లీషువాళ్లు హారిస్ జలపాతం అనే చోటు దాకా, నది పేరు పెజెప్‌స్కుక్. హారిస్ జలపాతం నుంచి పైకి ఉన్నదంతా అమ్మోస్కాంగన్. నదిలో అన్నిటికన్నా పెద్ద జలపాతం రాకమెకుక్ అనే చోటుకి ఎగువన సుమారు 12 మైళ్ల దూరంలో ఉంది. దానికి మూడు అంచెలున్నాయి, అలాంటిది ఆ నదిలో ఇంకొకటి లేదు. సాల్మన్ చేపలు ఎక్కువగా పట్టేది దాని అడుగునే. రాకమెకుక్ నుంచి దిగువకు వస్తూ హారిస్ జలపాతం దాటగానే, ఇక పెజెప్‌స్కుక్‌కి వచ్చామని జనం అనుకునేవాళ్లు.

హారిస్ జలపాతం ఇప్పటి లూయిస్టన్ నగరంలో ఉంది. మూడు అంచెల జలపాతం రంఫర్డ్‌ది. ఈ వాంగ్మూలంలో నాకు విలువైనదిగా తోచేది ఆ చివరి మాట. అంతవరకూ కంపెనీకి కావాల్సిన జవాబే ఉంది. ఆ చివరి మాటలో మాత్రం పడవలో దిగువకు వస్తున్న మనుషులు కనిపిస్తారు. జలపాతం దగ్గర పడవ ఎత్తి మోయాలి. మోసి మళ్లీ నీళ్లలో దించాక అది వేరే నీరు, వేరే పేరు. ఆ లెక్క బోస్టన్‌లో కూర్చున్న వకీలు కల్పించగలిగేది కాదు.

ఆ జవాబు వల్ల ఎవరికి లాభం?

1684 దస్తావేజులో ఒక హద్దు "ఆండ్రోస్కోగిన్ నదిలో అన్నిటికన్నా పై జలపాతం". ఆ జలపాతం ఏది? లూయిస్టన్‌ది అయితే కంపెనీకి ఒక మోస్తరు భూమి. రంఫర్డ్‌ది అయితే ఇంకా ఎంతో ఎగువకి, లక్షల ఎకరాలు.

పెరెపోల్ మాట ప్రకారం అసలు ఆండ్రోస్కోగిన్ (అమ్మోస్కాంగన్) లూయిస్టన్ దగ్గరే మొదలవుతుంది, దాని కింద ఉన్నది పెజెప్‌స్కుక్. అలాంటప్పుడు "ఆండ్రోస్కోగిన్‌లో పై జలపాతం" లూయిస్టన్ ఎలా అవుతుంది? పైగా అన్నిటికన్నా పెద్దది రంఫర్డ్ అని కూడా ఆయన అన్నాడు. కంపెనీకి ఇంతకన్నా ఏం కావాలి? కానీ మసాచుసెట్స్ శాసనసభ 1787లోనే పై జలపాతం అంటే లూయిస్టన్‌దే అని తీర్మానించేసింది. మిగిలిన భూమి రాష్ట్రానిది అవుతుందనే లెక్క అది. తగాదా ఆ తర్వాత కూడా 19వ శతాబ్దంలోకి సాగింది. మధ్యలో నలిగిపోయినవాళ్లు అప్పటికే అడవి కొట్టి పొలాలు చేసుకున్న పేద ఇంగ్లీషు రైతులు. ఎవరికి డబ్బు కట్టాలో వాళ్లకి చాలా ఏళ్లు తెలియలేదు.

అయితే పెరెపోల్ కంపెనీ చెప్పమన్నట్టు చెప్పాడా?

నాకలా అనిపించదు. సాక్షిని వెతికి తెచ్చింది ఒక పక్షమే అయి ఉండాలి, ఎందుకంటే ఇలాంటి వాంగ్మూలాలన్నీ అలాగే పుట్టాయి. ఏ ప్రశ్న అడగాలో కూడా వాళ్లే నిర్ణయించారు. కానీ జవాబులోని పేర్లు కంపెనీ సృష్టించినవి కావు. అబెనాకిలో జలపాతానికి, ఉరవడికి "పొంటెగ్" లాంటి మాట ఉంది. అమిట్‌గాన్‌పొంటుక్ చివర్లో వినిపించేది అదే. గుమస్తా చెవికి అర్థం కాకపోయినా మాట సరిగ్గానే దిగింది.

అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. వాంగ్మూలంలో జవాబులే మిగిలాయి, ప్రశ్నలు మిగల్లేదు. "ఈ నదిని మీరు ఏమంటారు?" అని అడిగితే ఒక జవాబు వస్తుంది. "ఈ భూమి ఎవరిది?" అని అడిగి ఉంటే ఇంకో జవాబు వచ్చేది. ఆ రెండో ప్రశ్న ఆ గదిలో ఎవరూ వేయలేదు. కోర్టులో వాదీ ఇంగ్లీషువాడే, ప్రతివాదీ ఇంగ్లీషువాడే. అబెనాకి మనిషి అక్కడ సాక్షి మాత్రమే, హక్కుదారు కాదు.

ఒకే నదికి ఇన్ని పేర్లేమిటి? అంటే వాళ్లకి స్పష్టత లేదా?

స్పష్టత ఎక్కువైతేనే ఇన్ని పేర్లు. అబెనాకి పేర్లు చాలావరకు ఒక చోటుకో, నదిలో ఒక భాగానికో చెందినవి. ఫలానా రాళ్లున్న చోటు, ఫలానా చేప దొరికే చోటు, పడవ దించే చోటు. పెనాబ్‌స్కాట్ అనేది కూడా మొదట ఓల్డ్ టౌన్ దగ్గరి రాతి ప్రాంతం పేరే. మొత్తం నదికి అతికించింది బయటివాళ్లు. ఇప్పుడు కనెక్టికట్ అంటున్న నదికి "పొడవైన నది" అని అర్థం వచ్చే పేరుంది కాబట్టి మొత్తం నదికి పేరే ఉండేది కాదని అనడానికి లేదు. రోజువారీ అవసరానికి మాత్రం భాగాల పేర్లే పనికొచ్చేవి.

ఇంగ్లీషు పట్టా పద్ధతికి ఇది సరిపడదు. దానికి మొదటి నుంచి చివరిదాకా ఒకే గీత, ఒకే పేరు కావాలి. ఊరి పేరు చెబితే నది పేరు అనుకున్నారు, జలపాతం పేరు చెబితే మొత్తం నదికి రాసేశారు. వందేళ్ల తర్వాత ఆ గందరగోళం విప్పమని మళ్లీ అబెనాకి ముసలివాళ్లనే పిలిచారు.

మరి హద్దులు అనే ఆలోచన వాళ్లకి ఉండేదా?

ఉండేది, గట్టిగా ఉండేది. ఆదివాసులకు భూమి హద్దులు తెలియవనే మాట తరచూ వినిపిస్తుంది. కింది జవాబు చదివాక అది నిలబడదు.

అబెనాకిలు తమ సొంత వాదన ఎక్కడైనా వినిపించారా?

కోర్టుల్లో వీలు కాలేదు గానీ ఒప్పందాల సభల్లో వినిపించారు. మాటలు రాసిపెట్టింది ఇంగ్లీషు, ఫ్రెంచి గుమస్తాలు. అయినా పదును తగ్గలేదు.

1717 ఆగస్టులో కెన్నెబెక్ ముఖద్వారం దగ్గర యారోసిక్ దీవిలో మసాచుసెట్స్ గవర్నర్ శామ్యూల్ షూట్‌తో సభ జరిగింది. అబెనాకి వక్త వివుర్నా. భూములు ఎలా కొన్నామంటున్నారో తమకు అర్థం కావడం లేదని, ఇచ్చినదేదైనా ఉంటే అది తాము దయతో ఇచ్చిందేనని ఆయన అన్నాడు. ఇంగ్లీషువాళ్లు పాత దస్తావేజు చూపించారు. దానికి ఆయన జవాబు: కెన్నెబెక్‌కి పడమటి గట్టు గురించి నేనేమీ అనను, తూర్పు గట్టున మాత్రం ఏమీ అమ్మలేదని నాకు తెలుసు. షూట్ వినలేదు. తమది తమకు కావాలని, తీసుకుని తీరతామని అన్నాడు. అబెనాకిలు ఇంగ్లీషు జెండాని అక్కడే వదిలేసి లేచి వెళ్లిపోయారు. మర్నాడు ఇంకో పెద్ద వచ్చి సర్దుబాటు చేశాడు గానీ, ఒక నదిలో ఏ గట్టు ఎవరిదో ఇంత సూటిగా చెప్పిన మాట ఆ సభ రికార్డులోనే ఉంది.

1721 జూలైలో వందల మంది పడవల్లో వచ్చి షూట్ పేర ఒక లేఖ ఇచ్చారు. మా భూమి నీకు యుద్ధంలో గెలిస్తే వచ్చింది కాదు, ఎవరో ఇస్తే వచ్చింది కాదు, కొంటే వచ్చింది కాదు అని దాని సారాంశం. మరుసటి ఏడు యుద్ధం మొదలైంది. 1724 ఆగస్టులో ఇంగ్లీషు సేన కెన్నెబెక్ ఎగువన నోరిడ్జివాక్ ఊరిని తగలబెట్టింది. అక్కడి ఫ్రెంచి పాదిరి సెబాస్టియన్ రాల్ చనిపోయాడు. యుద్ధం ముగిశాక 1727లో లోరాన్ సౌగారామ్ అనే పెనాబ్‌స్కాట్ పెద్ద, ఒప్పంద పత్రంలో ఉన్నదీ తను అన్నదీ ఒకటి కాదని తన మాటల్లో చెప్పి రాయించాడు. దుబాసి మీద నమ్మకం పోయిన మనిషి ఏం చేస్తాడో తెలుసుకోవాలంటే ఆ పత్రం చదవాలి.

1752లో మాంట్రియల్‌లో, క్యూబెక్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ ఊరి అబెనాకిల తరఫున అటివనెటో మాట్లాడుతూ, కనెక్టికట్ నది ఎగువ భూముల మీద కన్నేసిన ఇంగ్లీషువాళ్లని హెచ్చరించాడు. మేముండే నేల మీద ఒక్క బీవర్‌ని చంపొద్దు, ఒక్క పుల్ల తీసుకెళ్లొద్దు. తమ భూమి తమకి సృష్టికర్త నుంచి వచ్చిందని, ఇంకెవరి నుంచీ రాలేదని కూడా అన్నాడు. మరుసటి ఏడు నోరిడ్జివాక్ వాళ్ల గొంతు ఇంకా దిగులుగా ఉంది. ఈ నది మాది, మీరు కొత్త కోట కట్టారు, రిచ్‌మండ్ కోట నుంచి సముద్రం దాకా మీరు అనుభవించండి, అంతకు మించి పైకి రావొద్దు, మేం ఈ భూమి మీదే బతుకుతున్నాం అన్నారు. ఆ మరుసటి ఏడాదే, 1754లో, ఇంకా ఎగువన ఫోర్ట్ వెస్టర్న్, ఫోర్ట్ హాలిఫాక్స్ లేచాయి. మొదటి కోట కట్టించింది కెన్నెబెక్ కంపెనీ.

దుబాసులు ఎవరు? వాళ్లని నమ్మొచ్చా?

చాలామంది చిన్నప్పుడు యుద్ధాల్లో బందీలుగా చిక్కి, ఆదివాసుల మధ్య పెరిగి భాష నేర్చినవాళ్లు. జాన్ గైల్స్‌ని 1689లో పెమాక్విడ్ దగ్గర పిల్లవాడిగా పట్టుకెళ్లారు. ఆరేళ్లు మాలిసీట్ల దగ్గర, మూడేళ్లు ఒక ఫ్రెంచి కుటుంబం దగ్గర ఉండి తిరిగొచ్చాడు. తర్వాత జీవితమంతా దుబాసిగా, కోటల అధికారిగా గడిపాడు. ఇలాంటివాళ్లకి భాష బాగా వచ్చు. కానీ జీతం ఇచ్చేది ప్రభుత్వం, భూములున్నది ఇంగ్లీషువాళ్ల వైపు. మామూలు మాటల అనువాదంలో పెద్ద తేడా రాకపోవచ్చు, హక్కుల దగ్గరకు వచ్చేసరికి వస్తుంది.

ప్రమాణం చేయించేవారా?

చేయించేవారు. 1764లో మసాచుసెట్స్ గవర్నర్ పంపిన సర్వేయర్ జాన్ మిచెల్, ముగ్గురు పాసమక్వాడి సాక్షుల చేత ప్రమాణం చేయించి మరీ సెయింట్ క్రోయ్ నది ఏదో అడిగాడు. ఆ ముగ్గురిలో ఒకరు మేరీ క్యాథరిన్ అనే స్త్రీ. నది తెలిసినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు కాబట్టి అందులో వింతేమీ లేదు, కాకపోతే ఇంగ్లీషు రికార్డుల్లో వాళ్ల పేర్లు అరుదు.

ఆ సెయింట్ క్రోయ్ సంగతేమిటి?

ఇది పాసమక్వాడి వాళ్ల నేల, అబెనాకిలకు దాయాదులు. ఇక్కడ తగాదా కంపెనీల మధ్య కాదు, రెండు దేశాల మధ్య. 1783 పారిస్ ఒప్పందం అమెరికాకీ బ్రిటిష్ కెనడాకీ మధ్య సెయింట్ క్రోయ్ నదిని సరిహద్దు అంది. ఆ పేరుతో పిలవదగ్గ నదులు ఒకటి కన్నా ఎక్కువున్నాయి. 1764 సాక్షులు చూపించింది తూర్పున ఉన్న మాగగ్వాడవిక్ నదిని. అదే అయితే అమెరికాకి లాభం. బ్రిటన్ పడమటనున్న స్కూడిక్ అంది. (ఒప్పందంలో వాడిన మ్యాప్ గీసింది కూడా ఇంకో జాన్ మిచెల్. ఇద్దరూ ఒకటేననుకుని బోల్తాపడినవాళ్లు చాలామంది.)

1794 జే ఒప్పందం కింద ముగ్గురు కమిషనర్లు కూర్చున్నారు. పాసమక్వాడి పెద్దల్ని మళ్లీ పిలిచారు, ఏ నదిని మీ పూర్వీకులు ఏమన్నారని అడిగారు. తీర్పుని తేల్చింది మాత్రం తవ్వకం. 1604లో ఫ్రెంచివాళ్లు చలికాలం గడిపిన దీవిలో 1797లో రాబర్ట్ పేగన్ తవ్వితే పాత పునాదులు దొరికాయి. అవి 1604లో అక్కడే ఉన్న ఫ్రెంచి అన్వేషకుడు షాంప్లెయిన్ గీసిన పటంతో సరిపోయాయి. 1798 అక్టోబరు 25న స్కూడిక్కే సెయింట్ క్రోయ్ అని తేలింది. ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరుకి ఫ్రెంచి పునాదులే సాక్ష్యమయ్యాయి, అందులో అన్యాయమేమీ లేదు. అన్యాయం తర్వాత జరిగింది. సరిహద్దు గీత పాసమక్వాడి వాళ్ల మధ్య నుంచే పోయింది, ఆ గీత ఎక్కడ ఉండాలని మాత్రం వాళ్లని అడగలేదు.

అబెనాకిల దగ్గర సొంత మ్యాప్‌లు ఉండేవా?

ఉండేవి. బిర్చ్ బెరడు మీద దారులూ నదులూ గీసేవాళ్లు. అవిఖిగన్ అనే ఒకే మాట ఉత్తరానికీ, పుస్తకానికీ, మ్యాప్‌కీ వాడతారు. దస్తావేజులు రాసే కాలంలో ఈ బెరడు పటాలని హద్దుకి ఆధారంగా కోర్టు తీసుకున్న సందర్భం నా కంట పడలేదు.

సాక్ష్యం ఇచ్చినవాళ్లకి చివరికి ఏం దక్కింది?

సాధారణంగా ఏమీ లేదు. 1796లో ఫిలిప్ అనే అబెనాకి పెద్ద, మాలీ మెసెల్, మూసీక్ సుసాప్ అనే ఇద్దరు స్త్రీలతో కలిసి న్యూ హాంప్‌షైర్ ఉత్తరాన పెద్ద ప్రాంతం రాసిచ్చాడు. అందులో వేటకీ చేపలకీ హక్కు, తమ జీవనానికి భృతి అట్టేపెట్టుకున్నారు. అదే దస్తావేజు తర్వాత కనెక్టికట్ నది మొదట్లో "ఇండియన్ స్ట్రీమ్" అనే బుల్లి స్వతంత్ర రాజ్యం (1832–35) పుట్టడానికి ఒక కారణమైంది. నదికి మొదలు ఏ పాయ అని రెండు దేశాలు కొట్టుకుంటుంటే, మధ్యలో కాపురమున్నవాళ్లు మేం ఎవరికీ చెందమని ప్రకటించుకున్నారు. అక్కడ కూడా తగాదా నది గురించే.

ఈ పాత సాక్ష్యాలకి ఇప్పటి కోర్టుల్లో విలువ ఉందా?

వినడానికి వింటారు. గెలుపు వేరే మాట. 1987లో వెర్మాంట్‌లో మిసిస్క్వాయ్ నదిలో లైసెన్సు లేకుండా చేపలు పట్టి కొందరు అబెనాకిలు కావాలనే కేసు పెట్టించుకున్నారు. కింది కోర్టు 1989లో వాళ్ల వాదనని ఒప్పుకుంది. 1992లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది, చరిత్ర బరువు పెరుగుతూ పోయి ఆదివాసీ హక్కు అంతరించిందని. ఏ ఒక్క చట్టంతో, ఏ ఒక్క సంఘటనతో అంతరించిందో చెప్పకుండా బరువు లెక్క చెప్పడం నాకు అర్థం కాని న్యాయం. ఇది కాక, వెర్మాంట్ ప్రభుత్వం 2011–12లో గుర్తించిన నాలుగు బృందాల అబెనాకి వారసత్వాన్ని క్యూబెక్‌లోని ఒడనాక్ అబెనాకిలు ఒప్పుకోవడం లేదు. చదివేటప్పుడు ఎవరి తరఫున ఎవరు మాట్లాడుతున్నారో చూసుకోవాలి.

మెయిన్‌లో పెనాబ్‌స్కాట్ జాతి 2012లో వేసిన కేసులో ప్రశ్న ఇంకా సూటిగా ఉంది. వాళ్ల రిజర్వేషన్‌లో (జాతికి కేటాయించిన నేలలో) నది ఉందా, దీవులు మాత్రమేనా? 2021లో ఫెడరల్ అప్పీలు కోర్టు మూడు-రెండు ఓట్లతో దీవులు మాత్రమే అని చెప్పింది. 2022లో సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోలేదు. నీళ్ల మధ్య ఉన్న నేల మాది, నీళ్లు మాత్రం కావు అనే పరిస్థితి.

ఆ పేర్లు ఇప్పుడు ఉన్నాయా?

ఉన్నాయి, చోట్లు మారి. ఉంబాగాగ్ సరస్సు నుంచి మెర్రీమీటింగ్ బే దాకా నది అంతా ఇప్పుడు ఆండ్రోస్కోగినే. పెజెప్‌స్కాట్ ఒక చిన్న ఊరి పేరుగా మిగిలింది. సాగడహాక్ ఒక జిల్లా పేరైంది. పెరెపోల్ చెప్పిన మూడు అంచెల జలపాతం దగ్గర కాగితం మిల్లులు లేచి, 20వ శతాబ్దం మధ్యకి ఆ నది దేశంలోనే మురికి నదుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. 1972 నాటి పరిశుభ్ర జలాల చట్టం వెనక నిలబడ్డ సెనేటర్ ఎడ్మండ్ మస్కీ పుట్టింది ఆ రంఫర్డ్‌లోనే.

ఈ కాగితాలు చూడాలంటే?

బోస్టన్, నాషువా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి ఇది పెద్ద దూరమేమీ కాదు. పెజెప్‌స్కాట్ కంపెనీ కాగితాలూ కెన్నెబెక్ కంపెనీ కాగితాలూ పోర్ట్‌లాండ్‌లోని మెయిన్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. పాదిరి రాల్ రాసుకున్న అబెనాకి నిఘంటువుని ఇంగ్లీషు సైనికులు 1722లో ఆయన ఇంట్లోంచి ఎత్తుకొచ్చారు. అది ఇప్పుడు హార్వర్డ్‌లో ఉంది, 1833లో అచ్చయింది కూడా. వెతికేటప్పుడు స్పెల్లింగ్‌తో టెన్షన్ పడొద్దు. ఒకే పేరు ఒకే పేజీలో రెండు రకాలుగా ఉంటుంది. అచ్చులు వదిలేసి హల్లులు పట్టుకోండి, గట్టిగా పైకి చదవండి, సగం పేర్లు అప్పుడే దొరుకుతాయి. దొరికిన ప్రతి వాంగ్మూలం మీదా మొదట చూడాల్సింది తేదీ, ఆ తర్వాత దాన్ని రాయించుకున్నది ఏ కంపెనీ అనేది.